ముందుగా వచ్చే కబురు

నాయనా,

నిన్న రాత్రి ఫోన్లో నువ్వు ఒకే ప్రశ్న నాలుగుసార్లు అడిగావు. "అత్తా, ఆపరేషన్ తర్వాత నాన్నకి ఏమైనా అవుతుందా? ముందే తెలుసుకునే దారి లేదా?" నేను ఏదో సర్దిచెప్పి ఫోన్ పెట్టేశాను. ముప్పై ఏళ్లు ఈఎన్‌టీ సర్జరీ వార్డులో పనిచేసి, హెడ్ సిస్టర్‌గా రిటైరైనదాన్ని. ఎందరో కొడుకులు, ఎందరో కూతుళ్లు వార్డు గుమ్మంలో నన్ను ఆపి ఇదే మాట అడిగారు. వాళ్లకి తడుముకోకుండా చెప్పాను. నా తమ్ముడి దగ్గరకి వచ్చేసరికి నోరు పెగల్లేదు. అందుకే తెల్లవారకుండానే లేచి కాగితం ముందు కూర్చున్నాను.

ముందు ఈ ఒక్క మాట మనసులో పెట్టుకో. క్యాన్సర్ కోసం స్వరపేటిక మొత్తం తీసేసే ఈ గొంతు ఆపరేషన్ తర్వాత వచ్చే కష్టాల్లో చాలావరకు చెప్పకుండా రావు. ముందుగా కబురు పంపుతాయి. కొన్ని ఆపరేషన్‌కి నెల ముందే రక్తపరీక్ష కాగితం మీద కనిపిస్తాయి. కొన్ని మూడో రోజు థర్మామీటర్‌లో, కొన్ని ఏడో రోజు డ్రెస్సింగ్ వాసనలో తెలుస్తాయి. ఆ కబురు అందుకునే మనిషి పక్కన ఉండాలి. మీ నాన్నకి ఆపరేషన్ అయ్యాక గొంతు ఉండదు. నొప్పి పుడితే అరవలేడు, ఊపిరాడకపోతే పిలవలేడు. అందుకే చూసి తెలుసుకునే పని నీది, మీ అమ్మది, నాది.

నువ్వు ఎక్కడో చదివి చెప్పావు కదా, రేడియేషన్ అయినవాళ్లకి ఈ ఆపరేషన్ చేస్తే నూటికి 27 మందిలో లోపలి కుట్లు లీకవుతాయని. ఆ లెక్క తప్పు కాదు. ఎన్నో పరిశోధనలను కలిపి 2014లో లెక్కగడితే దాదాపు అంతే తేలింది. రేడియేషన్ లేకుండా నేరుగా ఆపరేషన్‌కి వచ్చినవాళ్లలో అది నూటికి 14. కానీ ఆ 27ని ఇంకొంచెం విప్పి చూడు. రేడియేషన్‌తో పాటు కీమో కూడా అయినవాళ్లలో 34, రేడియేషన్ ఒక్కటే అయినవాళ్లలో 23. మీ నాన్నకి రెండేళ్ల కిందట రేడియేషన్ పెట్టించారు గానీ కీమో ఇవ్వలేదు. చూశావా, ఒక్క ప్రశ్న అడిగేసరికి 27 కాస్తా 23 అయింది. ఇంకా అడగాల్సినవి చాలా ఉన్నాయి. ఒంట్లో రక్తం ఎంత? ప్రొటీన్ ఎంత? థైరాయిడ్ ఎలా ఉంది? షుగర్ అదుపులో ఉందా? బరువెంత తగ్గాడు? ఒక్కో జవాబుకి ఆ అంకె అటో ఇటో జరుగుతుంది. వాటిలో కొన్ని జవాబులను ఆపరేషన్‌కి మిగిలిన ఈ మూడు వారాల్లో మనమే మార్చవచ్చు. ఆ అంకెను చూసి రాత్రంతా మేలుకునే బదులు, దాన్ని ఎటు జరపగలమో చూద్దాం.

ఈ ఆపరేషన్ కథ నాకు మా పెద్ద సర్జన్ గారు చెప్పారు. స్వరపేటిక మొత్తాన్ని క్యాన్సర్ కోసం తీసేసిన మొదటి ప్రసిద్ధమైన ఆపరేషన్ 1873 డిసెంబర్ 31న వియన్నాలో జరిగింది. చేసినవాడు బిల్‌రోత్. ఆ రోగి ఆపరేషన్ నుంచి కోలుకున్నాడు. శిష్యుడు గుస్సెన్‌బావర్ తయారుచేసిన కృత్రిమ పేటికతో మాట్లాడాడు కూడా. కానీ ఏడు నెలలకే క్యాన్సర్ తిరగబెట్టి పోయాడు. ఆ తొలి రోజుల్లో ఈ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు చాలామంది క్యాన్సర్ కంటే ముందు న్యుమోనియాతోనే పోయేవారట. మింగిన ఉమ్ము, గాయంలోని రసి ఊపిరితిత్తుల్లోకి దిగిపోయేది. బెర్లిన్‌లో గ్లుక్ అనే సర్జన్ ఈ సంగతి గమనించి, గాలిగొట్టాన్ని ఆహారమార్గం నుంచి పూర్తిగా విడదీసి మెడ చర్మానికి కుట్టే పద్ధతి తెచ్చాడు. దాంతో చావులు బాగా తగ్గాయి. మీ నాన్న మెడ మీద పెట్టబోయే రంధ్రం చూసి మీ అమ్మ ఏడుస్తుంది. అప్పుడు ఈ కథ చెప్పు. ఏం ముంచుకొస్తుందో ముందే ఊహించిన ఒక మనిషి, దాన్ని ఆపడానికి వేసిన దారి అది.

ఇక ఆపరేషన్ సంగతి. స్వరపేటిక తీసేశాక గాలిగొట్టం చివరను మెడ ముందుభాగానికి తెచ్చి కుడతారు. ఇక జీవితాంతం ఊపిరి అక్కడి నుంచే. ముక్కుకీ, ఊపిరితిత్తులకీ సంబంధం ఉండదు. పేటిక తీసినచోట గొంతు గోడకి పెద్ద సందు మిగులుతుంది, దాన్ని దగ్గరకు తెచ్చి కుట్టేస్తారు. అసలు చిక్కు అక్కడే ఉంది. మనిషికి రోజుకి లీటరు దాకా ఉమ్ము ఊరుతుంది. నిద్రలోనూ మింగుతూనే ఉంటాం. నోట్లోని క్రిములన్నీ మోసుకుంటూ ఆ ఉమ్ము పచ్చి కుట్ల మీదుగానే దిగాలి. కుట్లు ఒకచోట విడితే ఉమ్ము మెడలోకి చేరి, చివరికి చర్మాన్ని చీల్చుకుని బయటికి వస్తుంది. డాక్టర్లు ఫిస్టులా అంటారు, మేము వార్డులో లీకు అనేవాళ్లం. తొలినాళ్లలో ఎక్కువగా పీడించేది ఇదే.

రేడియేషన్ పడిన మెడలో సన్నని రక్తనాళాలు మూసుకుపోయి ఉంటాయి. గాయం మానడానికి రక్తం కావాలి. నీళ్లందని మడిలో నారు ఎలా తిప్పుకోదో, రక్తం అందని చోట కుట్లూ అంతే. రేడియేషన్‌ని మనం వెనక్కి తీసుకోలేం. మిగతావి మన చేతిలో ఉన్నాయి.

మొదటిది రక్తం. ఆపరేషన్ తర్వాత హిమోగ్లోబిన్ 12.5 కంటే తక్కువున్నవాళ్లలో లీకులు ఎక్కువని 2006లో అనేక పరిశోధనలను కలిపి చూసి తేల్చారు. తమ్ముడిది ఎంతుందో కాగితం చూసి చెప్పు. తక్కువుంటే ఇప్పుడే సర్జన్‌ని అడుగు, ఐరన్ ఇస్తారో ఇంకేం చేస్తారో వాళ్లు చూసుకుంటారు. ఆపరేషన్ ముందురోజు అడిగితే అప్పటికప్పుడు చేయగలిగింది తక్కువ.

రెండోది తిండి. గొంతులో గడ్డ ఉన్నవాడు నెలల తరబడి సరిగ్గా తినడు. అన్నం మానేసి గంజికి, గంజి మానేసి మజ్జిగకి వస్తాడు. ఇంట్లోవాళ్లకి అది అలవాటైపోతుంది. ఆరు నెలల్లో బరువులో పదో వంతు తగ్గిందంటే అది పెద్ద హెచ్చరిక. రక్తపరీక్షలో అల్బుమిన్ 3.5 కంటే తక్కువుందా చూడు. అదొక్కటే చూసి తీర్పు చెప్పకూడదు, ఒంట్లో ఇన్‌ఫెక్షన్ ఉన్నా అది తగ్గుతుంది. బరువు, తిండి, అల్బుమిన్ మూడూ కలిపి చూడాలి. మెత్తగా ఉడికించిన గుడ్డు, పప్పుకట్టు, పాలు, మీగడ పెరుగు, డైటీషియన్ రాసిచ్చిన ప్రొటీన్ పొడి రోజుకి ఆరుసార్లు కొంచెం కొంచెంగా ఇవ్వండి. అస్సలు దిగకపోతే ఆపరేషన్‌కి ముందే ముక్కులోంచి గొట్టం వేయించి తిండి పట్టించడం మంచిది. గొట్టం అనగానే మీ అమ్మ వద్దంటుంది. ఒప్పించు. కానీ వారాల తరబడి పస్తున్న ఒంటికి ఒక్కసారిగా కుక్కి పెట్టకూడదు, రక్తంలో ఫాస్ఫేట్ లాంటి లవణాలు పడిపోయి గుండెకే ముప్పు వస్తుంది. రోజురోజుకీ ఎంత పెంచాలో డైటీషియన్ చెప్పినట్టే వినాలి.

మూడోది థైరాయిడ్. మెడకి రేడియేషన్ పెడితే థైరాయిడ్ గ్రంథి కూడా దెబ్బతిని మెల్లగా మందగిస్తుంది. మనిషి నీరసంగా, మందకొడిగా ఉంటే క్యాన్సర్ వల్లేలే అనుకుంటాం. థైరాయిడ్ తగ్గితే గాయాలు మానడం ఆలస్యమవుతుంది, లీకూ ఎక్కువే. టీఎస్‌హెచ్ పరీక్ష చేయించారా? చేయించకపోతే రేపే చేయించు. తక్కువ ఖర్చు, ఒక్క రక్తం చుక్క పని. రోజుకో మాత్రతో సర్దుకునే విషయం.

నాలుగోది షుగర్. మూడు నెలల సగటు చూపే పరీక్ష చేయించి, అది ఎక్కువుంటే షుగర్ డాక్టర్‌ని కలవండి. ఐదోది పళ్లు. పుచ్చినవి, చీముపట్టినవి ఉంటే వాటి గురించి సర్జన్‌కి చెప్పండి. రేడియేషన్ పడిన దవడలో మీ ఇష్టంగా పన్ను పీకించవద్దు, ఎముక మానదు.

ఆరోది పొగ. మేడ మీదకి వెళ్లి ఇంకా దొంగచాటుగా రెండు బీడీలు కాలుస్తున్నాడని చెప్పావు. మన పల్లెల్లో పొగ ఎంత పాతుకుపోయిందో నాకు తెలియనిది కాదు. శ్రీకాకుళం తీరంలో నిప్పు లోపలికి పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్ల అంగిలి క్యాన్సర్లు నా చేతుల మీదుగా ఎన్నో వెళ్లాయి. నాలుగు వారాల ముందు మానేస్తే ఊపిరితిత్తులకీ గాయానికీ మేలు. మనకి మూడే వారాలున్నాయి కాబట్టి ఈ రోజే మానాలి. వాడిని తిట్టకు. పక్కన కూర్చుని, "నాన్నా, నీ కుట్ల కోసం అడుగుతున్నాను" అను. నీ మాట వింటాడు.

ఏడోది మీరందరూ దాచేది. మందు. రోజూ రాత్రి వాడు తాగుతాడని నాకు తెలుసు, మత్తు డాక్టర్‌కి తెలియదు. నా వార్డులో ఒకాయన ఆపరేషన్ చక్కగా జరిగింది. మూడో రాత్రి ఉన్నట్టుండి చేతులు వణికాయి, ఎవరెవరో కనిపిస్తున్నారన్నట్టు చూశాడు, ముక్కులో గొట్టం పీకేసుకున్నాడు. చేరేటప్పుడు "మా ఆయన ముట్టడండీ" అని భార్య చెప్పింది. పరువు కోసం చెప్పిన ఆ మాటకి ఆయన కుట్లు మూల్యం చెల్లించాయి. రోజూ తాగే మనిషికి ఒక్కసారిగా మందు ఆగితే రెండు మూడు రోజుల్లో ఇలా అవుతుంది. ముందే తెలిస్తే మందులతో ఆపవచ్చు. ఎంత తాగుతాడు, ఎన్నేళ్లుగా, చివరిసారి ఎప్పుడు, మూడూ డాక్టర్‌కి చెప్పు. ఇంట్లో మానిపించే పని మీరే పెట్టుకోకండి, వైద్యుల కనుసన్నలో జరగాలి. ఆస్పత్రిలో నిజం చెబితే పరువు పోదు నాయనా.

కంప్యూటర్‌లో వివరాలు కొడితే ముప్పు ఎంతో చెప్పే లెక్కల గురించి అడిగావు. అమెరికా సర్జన్ల కాలేజీ వాళ్లు 2013లో అలాంటిది ఒకటి తెచ్చారు. వయసు, షుగర్, గుండె, ఊపిరితిత్తులు, పొగ ఇలాంటివన్నీ అడిగి, న్యుమోనియా వచ్చే అవకాశం ఎంత, మళ్లీ ఆస్పత్రిలో చేరాల్సి వచ్చే అవకాశం ఎంత అని చెబుతుంది. మంచి పనిముట్టే. కానీ అది అన్ని రకాల ఆపరేషన్లకీ కలిపి చేసింది. గొంతు కుట్ల లీకు దాని జాబితాలోనే లేదు. మెడకి ఎంత రేడియేషన్ పడిందో అడగదు. అందుకే ఆ అంకెను పట్టుకుని సర్జన్‌తో వాదించకు. దాన్ని ఒక ప్రశ్నగా మార్చి తీసుకెళ్లు: "మా నాన్న విషయంలో మీరు ఎక్కువగా భయపడేది దేనికి సార్? దానికి ముందుగా ఏం చేస్తున్నారు?" ఈ రెండు ప్రశ్నలకి వచ్చే జవాబు ఏ లెక్క కంటే కూడా విలువైనది.

సర్జన్ బహుశా ఛాతీ కండ గురించి చెబుతారు. రొమ్ము మీది కండను రక్తనాళంతో సహా పైకి తిప్పి, కుట్ల మీద రెండో గోడలా పరుస్తారు. 1979 నుంచి వాడుకలో ఉన్న పద్ధతి. రేడియేషన్ పడని చోటి నుంచి వచ్చిన కండ కాబట్టి తన రక్తాన్ని తనే తెచ్చుకుంటుంది, లీకు ముప్పు తగ్గిస్తుంది. ఛాతీ మీద ఇంకో గాటు పడుతుందని బెంబేలుపడి వద్దనకు. రాబోయేది ముందే చూసి చేసే పని అదే.

ఆపరేషన్ ముందు వారంలో ఇంకో మూడు పనులు ఉన్నాయి. ఒకటి, వాడి గొంతు రికార్డు చేసి పెట్టు. మనవరాలికి కథ చెప్పమను, నీ పేరు పెట్టి పిలవమను. రెండు, ఒక పలక, ఒక చేతిగంట కొను. ఊపిరాడకపోతే ఏ సైగ, నొప్పికి ఏ సైగ, కఫం తీయమనడానికి ఏ సైగ అని ముందే అనుకుని మీ ముగ్గురూ సాధన చేయండి. మూడు, నూరు పేజీల నోటుబుక్కు ఒకటి తీసి గీతలు గీయి. తేదీ, జ్వరం, నాడి, డ్రెయిన్‌లో (గాయంలోని ద్రవం బయటికి లాగే గొట్టంలో) ఎంత వచ్చింది, ఏ రంగు, మెడ ఎలా ఉంది, వాసన ఉందా, ఎన్ని అడుగులు నడిచాడు. నర్సులు కూడా రాస్తారు, కాదనను. కానీ వార్డులో షిఫ్టులు మారతాయి. నిన్నటికీ ఇవాళ్టికీ తేడా పట్టేది మారకుండా పక్కనే ఉన్న మనిషే.

ఇక ఆ రోజులు ఎలా గడుస్తాయో చెబుతాను.

మొదటి రోజు చూడాల్సింది రక్తం, ఊపిరి. డ్రెయిన్ సీసా ఎర్రగా గబగబా నిండినా, మెడ ఉబ్బినా వెంటనే పిలవాలి. కొత్త రంధ్రంలోకి పోయే గాలికి ముక్కులో ఉండే తడి, వెచ్చదనం ఉండవు. కఫం ఎండి గట్టిపడి బిరడాలా అడ్డుపడుతుంది. అందుకే తడిగాలి పట్టిస్తారు, సక్షన్ పెడతారు. ఈలలాంటి చప్పుడు వచ్చినా, వాడు ఉలిక్కిపడి లేచి కూర్చున్నా ఆలస్యం చేయకూడదు. ఆక్సిజన్ పెట్టాల్సి వస్తే మెడ దగ్గర పెట్టాలి, ముఖానికి కాదు. ఈ మాట ఇంట్లో అందరికీ నేర్పు.

రెండు మూడు రోజుల్లో జ్వరం. మొదటి రెండు రోజుల జ్వరాన్ని ఆపరేషన్ తర్వాత మామూలేలే అని ఎవరైనా తీసిపారేస్తే ఒప్పుకోకు. గాయం చెడబోతోందనడానికి అది తొలి కబురు కావచ్చు, ఊపిరితిత్తులదీ కావచ్చు. నోటుబుక్కులో రాసి డాక్టర్‌కి చూపించు. వేళ్ల చివర్లలో, పెదవుల చుట్టూ తిమ్మిరి అంటే కాల్షియం పడిపోతోందేమో అడుగు. థైరాయిడ్ పక్కనుండే చిన్న గ్రంథులు దెబ్బతింటే అలా అవుతుంది. ముక్కు గొట్టంలో పాలు మొదలెట్టాక డ్రెయిన్‌లో పాలలా తెల్లగా వస్తే అది పేగుల నుంచి కొవ్వు మోసే నాళం మెడలో తెగిందనడానికి గుర్తు. కాళ్లల్లో రక్తం గడ్డకట్టకుండా, ఊపిరితిత్తుల అడుగున కఫం నిలవకుండా, డాక్టర్ ఒప్పుకున్న రోజు నుంచే నడిపించాలి. పట్టుకుని ఐదు అడుగులైనా సరే.

సీఆర్‌పీ అనే రక్తపరీక్ష ఒకటుంది. ఆపరేషన్ తర్వాత మొదటి రెండు మూడు రోజులు అందరికీ పెరుగుతుంది, తర్వాత దిగాలి. దిగకుండా నిలబడినా, దిగి మళ్లీ లేచినా లోపల ఏదో ఉడుకుతోందని అర్థం. అంకె ఎంతుంది అనే దానికంటే ఎటు పోతోంది అన్నది చూడు.

ఐదో రోజు నుంచి రెండో వారం చివరిదాకా లీకు రోజులు. మెడ చర్మం ఎర్రబారడం, ముట్టుకుంటే వేడి, ఒకచోట మెత్తగా ఉబ్బడం, డ్రెయిన్‌లో జిగటగా తెల్లని ద్రవం, అన్నిటికంటే ముందు వాసన. డ్రెస్సింగ్ విప్పకముందే నా ముక్కుకి తెలిసేది. ఉమ్ము నిలిచిన మెడకి ఒక రకమైన మురుగు వాసన వస్తుంది. నీకూ తెలుస్తుంది. మొహమాటపడి ఊరుకోకు.

ఈ రోజుల్లోనే ప్రేమ వల్ల కూడా పొరపాట్లు జరుగుతాయి. ఒకసారి ఆరో రోజు ఒక పెద్దావిడ కొడుకుకి చెంచాడు తీర్థం పోసింది, దేవుడి ప్రసాదం కదా అని. ఏ దేవుడూ ఆ కుట్లు తడవాలని కోరుకోడు. నోటి నుంచి నీళ్లు ఎప్పుడు మొదలెట్టాలో సర్జన్ నిర్ణయిస్తారు. రేడియేషన్ లేనివాళ్లకి కొందరు కాస్త ముందే ఇస్తారు, మీ నాన్నలాంటివాళ్లకి ఎక్కువ రోజులు ఆగుతారు. చాలాచోట్ల మందు తాగించి ఎక్స్‌రే తీసి, ఎక్కడా కారడం లేదని చూశాకే ఒప్పుకుంటారు. తీర్థం నుదుటికి రాయండి. చుట్టాలకి ఈ మాట ముందే చెప్పు. వాళ్లు వచ్చాక చెబితే గొడవ.

ఒక్క కబురు మాత్రం ఎవరినీ అడక్కుండా పరుగెత్తాల్సింది. గాయంలోంచి, నోట్లోంచి, రంధ్రంలోంచి తాజా రక్తం చెంచాడు వచ్చి ఆగిపోయినా సరే. ముఖ్యంగా లీకు ఉన్న మెడలో. ఉమ్ములో నానిన పెద్ద రక్తనాళం బలహీనపడి, పగలబోయే ముందు అలా చిన్నగా హెచ్చరిస్తుంది. ఆగిపోయింది కదా అని పడుకోకండి. అది మెడ గాయంలోంచి వస్తే, ఊపిరి తీసే రంధ్రం మూసుకుపోకుండా, అక్కడ శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమిపట్టి, డాక్టర్‌ని పిలిపించండి. ఇంటికొచ్చాక జరిగితే అదే అదుముడుతో నేరుగా ఆస్పత్రికి.

ఇంత చూసినా లీకు రావచ్చు. వస్తే ఎవరినీ నిందించకు. సర్జన్ చేయి మంచిది కాదనో, మీ అమ్మ సరిగ్గా చూడలేదనో, చివరికి నేను ఏదో తప్పు చేశాననో అనుకోకు. నూటికి ఇంతమందికి అన్న లెక్కలో ఆ మాట ముందే ఉంది. చాలా లీకులు మళ్లీ కోయకుండానే మూసుకుంటాయి. రోజూ డ్రెస్సింగ్, ముక్కు గొట్టంతో తిండి, యాంటీబయాటిక్స్, ఓపిక. వారాలు పడుతుంది. కొన్నింటికి రెండో ఆపరేషన్ కావాలి. ఆ వారాలకి సెలవు, డబ్బు, వంట చేసే మనిషి ఇప్పుడే చూసిపెట్టుకో. వైద్యసేవ కార్డు ఎంతవరకు వర్తిస్తుందో, ఆస్పత్రిలో రోజులు పెరిగితే ఏమవుతుందో చేరకముందే అడుగు. పదిహేను రోజులనుకున్నవాడికి నెల అయితే గుండె పగులుతుంది. నెల అనుకున్నవాడు ఇరవై రోజులకి ఇంటికొస్తే పండగే.

ఇంటికి వచ్చాక వచ్చే కష్టాలకీ ముందే పేరు పెట్టుకుందాం. రంధ్రం మెల్లగా సన్నబడవచ్చు, మింగే దారి ఇరుకవ్వవచ్చు, మెడ గ్రంథులు తీసినవైపు భుజం కిందికి జారవచ్చు. వీటికి ఫిజియోథెరపీ, వెడల్పు చేసే చికిత్సలు ఉన్నాయి. వాసన తెలియదు కాబట్టి గ్యాస్ లీకైనా, కూర మాడినా వాడికి తెలియదు, ఇంట్లో ఇంకొకరు చూసుకోవాలి. స్నానంలో రంధ్రం మీద నీళ్లు పడకూడదు, చెరువుల్లో దిగడం ఇక లేదు. దుమ్ము పోకుండా పలచని గుడ్డో, గాలిని వడకట్టి తడిపే చిన్న ఫిల్టరో పెట్టుకోవాలి. "నేను మెడతో ఊపిరి తీసుకుంటాను" అని రాసిన కార్డు జేబులో ఉండాలి. థైరాయిడ్ పరీక్ష మానకూడదు.

మాట కూడా తిరిగి వస్తుంది. మెడకి ఆనించే బ్యాటరీ యంత్రం ఉంది, ఆహారనాళంతో మాట్లాడే విద్య ఉంది. 1980 ప్రాంతంలో అమెరికాలో సింగర్, బ్లామ్ తెచ్చిన చిన్న కవాటం ఉంది. దాన్ని గాలిగొట్టానికీ ఆహారనాళానికీ మధ్య అమరుస్తారు. రంధ్రాన్ని వేలితో మూసి మాట్లాడవచ్చు. బెంగళూరు సర్జన్ విశాల్ రావు పేదవాళ్ల కోసం ఓమ్ పేరుతో చాలా తక్కువ ధరలో అలాంటి కవాటం చేయించారు. దాని కబురూ తెలుసుకో. నీళ్లు తాగగానే దగ్గు వస్తే కవాటం కారుతోందన్నమాట, మార్పించాలి. కానీ మాట రావడానికి ముందు కొన్ని నెలలు మీ నాన్న మౌనంగా ఉంటాడు. గోడవైపు తిరిగి పడుకుంటాడు, పలక మీద రాయడం మానేస్తాడు. అది కూడా ఆపరేషన్ తర్వాత వచ్చే కష్టమే. జ్వరాన్ని రాసినట్టు ఆ మౌనాన్నీ నోటుబుక్కులో రాయి, డాక్టర్‌కి చూపించు.

మీ నాన్న పాకే వయసులో మా అమ్మ వాడి కాళ్లకి మువ్వలు కట్టేది. ఇంటి వెనక నుయ్యి ఉండేది. మువ్వలు మోగినంతసేపు అమ్మ పనిచేసుకునేది. చప్పుడు ఆగితే చాలు, చేతిలోది కిందపడేసి ముందు పరుగెత్తేది నేనే. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. ఆపరేషన్‌కి రెండు రోజుల ముందు రైలెక్కి వస్తున్నాను. చేతిగంట కొనవద్దులే, దేవుడి గదిలో పాతది ఉంది, నేనే తెస్తున్నాను. వాడి మంచం పక్కనే నా చాప వెయ్యి. గంట మోగినా లేస్తాను. చాలాసేపు మోగకపోయినా లేస్తాను.

మీ అత్త